చెయ్యి తియ్యి, కన్నా

నిన్న రాత్రి దిండు గలీబు మారుస్తుంటే పిన్ని గుర్తొచ్చింది. ఆవిడ అరచేతుల వాసనతో సహా గుర్తొచ్చింది. ఆస్పత్రిలో నర్సుగా రోజంతా చేతులు కడుక్కుని కడుక్కుని ఆ చేతులకి ఒక రకం సబ్బు వాసన అంటుకుపోయి ఉండేది. నా పదహారో ఏట, దమ్మిడీ ఖర్చు లేకుండా, నా ముఖాన్ని నా బారి నుంచి కాపాడింది ఆ చేతులే.

ఆ ఏడాది మొటిమలు ముందు నుదుటి మీద మొదలయ్యాయి, తర్వాత చెంపలకి దిగాయి. నాకు తెలిసిన వైద్యం ఒక్కటే, కడగడం. రోజుకి ఐదారుసార్లు సబ్బు బిళ్ల నేరుగా ముఖానికేసి రుద్దేవాణ్ణి, గరుకు టవల్‌తో ఒత్తి తుడిచేవాణ్ణి. చర్మం బిగుసుకుపోయి, నోరు తెరిస్తే లాగుతున్నట్టు ఉంటేనే శుభ్రమైందని నమ్మేవాణ్ణి. గంట తిరిగేసరికి ముఖం మళ్లీ జిడ్డు. మళ్లీ సబ్బు. స్నేహితుడొకడు మొటిమ మీద టూత్‌పేస్ట్ రాస్తే రాత్రికి రాత్రే ఎండిపోతుందన్నాడు. ఎడమ చెంప మీద మూడు చోట్ల దట్టంగా పట్టించి పడుకున్నాను. అర్ధరాత్రి మంట పుడితే మందు పనిచేస్తోందనుకుని పళ్లు బిగబట్టాను. తెల్లారి కడుగుతుంటే పేస్టుతో పాటు పల్చటి పొర కూడా ఊడొచ్చింది. ఎరుపు వారంలో తగ్గింది కానీ, చిటికెన వేలి గోరంత నల్లమచ్చ నెలల తరబడి అక్కడే ఉండిపోయింది. పళ్ల కోసం చేసిన పేస్టులోని పదార్థాలు పచ్చి చర్మాన్ని కాలుస్తాయని అప్పుడు నాకు చెప్పేవాళ్లు లేరు.

సెలవులకి పిన్ని ఇంటికి వెళ్లాను. గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే ఆవిడ నా చెంప చూసింది. ఏమీ అనలేదు. అప్పటికి నన్ను చూసిన ప్రతి చుట్టమూ "ముఖమేంట్రా అలా అయిపోయింది" అంటూనే పలకరించేవాళ్లు. ఆ మాట అననందుకే ఆవిడకి సగం రుణపడిపోయాను. మొటిమలున్న పిల్లల్ని ముఖం గురించి అడిగి పలకరించకండి, దయచేసి. అద్దం వాళ్లకి అప్పటికే అంతా చెప్పేసి ఉంటుంది.

మర్నాడు పొద్దున్న కిటికీ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టింది. గడ్డం పట్టుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏమేం రాశావో దాచకుండా చెప్పు, కన్నా."

చెప్పాను. సబ్బు, టూత్‌పేస్ట్, గిల్లడం, అన్నీ. మధ్యలో ఒక్కసారి కూడా తిట్టలేదు.

"ఇక్కడున్నన్నాళ్లూ ఏమీ రాయొద్దు. ఏమీ కొనొద్దు. ముఖం కడుక్కోవడం ఒక్కటి నేర్పుతాను, అలా చెయ్యి చాలు" అంది.

పదహారేళ్లవాడికి ముఖం కడుక్కోవడం నేర్పడమేమిటని మనసులో అనుకున్నాను. కానీ ఆ రోజు బేసిన్ దగ్గర చూసింది నిజంగా నాకు తెలియనిదే.

ముందు చేతులు కడిగించింది. మోచేతుల దాకా, వేళ్ల సందులతో సహా. "మురికి చేతులతో ముఖం కడిగితే ఆ మురికి ఎక్కడికి పోతుంది?" అంది. తర్వాత నీళ్లు మణికట్టు లోపలి వైపు పోసుకుని చూడమంది. వేడీ తెలియకూడదు, చలీ తెలియకూడదు, ఆ గోరువెచ్చదనం చాలు. "జిడ్డు గిన్నె వేడినీళ్లతో ఎందుకు కడుగుతాం? జిడ్డు తొందరగా వదులుతుందని. నీ చర్మానికి ఆ కాస్త జిడ్డూ కావాలి, వదలగొట్టకు." సబ్బుని ముఖానికి తాకనివ్వలేదు. అరచేతుల్లో నురగ చేయించింది. ఆ నురగ వేళ్ల కొసలతో నుదురు, ముక్కు పక్కలు, గడ్డం కింద, మెల్లగా గుండ్రంగా. తడి గుడ్డలూ, పీచులూ ఏమీ వద్దంది. తర్వాత నీళ్లు. నేను రెండు దోసిళ్లు కొట్టుకుని అయిపోయిందనుకుంటే, జుట్టు మొదలయ్యే చోట, చెవుల ముందు, దవడ కింద వేలితో చూపించింది. అన్ని చోట్లా సబ్బు అలాగే ఉంది. నాకు ఎప్పుడూ మొటిమలొచ్చేది కూడా సరిగ్గా అక్కడే.

టవల్ అందుకుని అలవాటు కొద్దీ రుద్దబోతే చెయ్యి పట్టుకుంది. "అద్దు. రుద్దకు."

తనే అద్ది చూపించింది. బొట్టు రాలకుండా, పూర్తిగా ఆరిపోకుండా, కాస్త చెమ్మ మిగిలేలా. అంత మెత్తగా నా ముఖాన్ని ఎవరైనా ముట్టుకుని చాలా రోజులైంది. నేనైతే ఎప్పుడూ ముట్టుకోలేదు.

ఇది పొద్దున వట్టి నీళ్లతో ఒకసారి, రాత్రి పడుకునే ముందు సబ్బు నురగతో ఒకసారి. ఆడి చెమట పట్టి వస్తే ఇంకోసారి. అంతే. తలస్నానం చేసిన రోజు ముఖం చివర్లో కడగమనేది, తలకి పెట్టుకున్నదేదీ నుదుటి మీద మిగలకుండా. స్నానం పది నిమిషాలు దాటకూడదు. ఒంటికి రాసుకునే క్రీము ఇంట్లో ఉంటే ఆ తడి మీదే రాసుకోమనేది, ఉన్న తేమని అది పట్టి ఉంచుతుంది. లేకపోతే దాని కోసం పరుగెత్తక్కర్లేదనేది.

అంత కడిగినా గంటకే జిడ్డెందుకు వచ్చేదో అడిగాను. ఆ వయసులో ఒంట్లో పెరిగే హార్మోన్లు నూనె గ్రంథుల్ని ఎక్కువ పనిచేయిస్తాయట, అవి ఎక్కువగా ఉండేది ముఖం మీదే. నేను బయట ఎంత రుద్దినా లోపలి గ్రంథికి ఆ సంగతి పట్టదు. రుద్దుడు వల్ల దెబ్బ తినేది పైపొర ఒక్కటే. ఆ పైపొర ఎలా ఉంటుందో చూపించడానికి గోడ దగ్గరికి తీసుకెళ్లింది. సున్నం రాలి ఇటుకలు బయటపడ్డ చోట వేలు పెట్టి, "ఇవి ఎండిపోయిన చర్మకణాలనుకో, మధ్యలో ఈ సిమెంటు కొవ్వు పదార్థాలు. నువ్వు రోజూ ఆ సిమెంటు గీకేస్తున్నావు. అప్పుడు లోపలి తేమ బయటికి పోతుంది, బయటి మంట లోపలికి వస్తుంది" అంది. చాలా ఏళ్ల తర్వాత చర్మం గురించి చదువుతుంటే పరిశోధకులు కూడా ఇటుక, సిమెంటు పోలికే వాడతారని తెలిసి ఆవిడకి ఫోన్ చేశాను. ఆ గోడ మందం కాగితమంత కూడా ఉండదు. దాని పైభాగం కొంచెం పులుపు గుణంతో, పీహెచ్ అనే ఆమ్ల-క్షార కొలతలో 5 దరిదాపుల్లో ఉంటుంది. మామూలు సబ్బు పీహెచ్ 9 నుంచి 10, అంటే క్షారం. రోజుకి ఆరుసార్లు నేను చేసిన పని ఏమిటో ఆ అంకెలు చదివాక పూర్తిగా అర్థమైంది.

కడగడం రెండు రోజుల్లో వచ్చేసింది. రానిది చేతుల్ని కట్టేసుకోవడం.

చదువుకుంటుంటే గడ్డం కింద చెయ్యి. ఆలోచిస్తుంటే వేలు మొటిమ మీద, తడుముతూ, పండిందా లేదా అని. పిన్ని ఏ పనిలో ఉన్నా కనిపెట్టేది. తల కూడా ఎత్తకుండా "చెయ్యి" అనేది. ఒక్క మాటే. వెంటనే దించేవాణ్ణి. ఐదు నిమిషాలకి మళ్లీ "చెయ్యి". ఒకరోజు ఎన్నిసార్లు అంటోందో లెక్కపెడదామని నోటుబుక్కు వెనక అట్ట మీద పెన్సిలుతో గీతలు పెట్టాను. మధ్యాహ్నానికి గీతలు అట్ట అంచు దాకా వెళ్లిపోయాయి. అవి ఆవిడ చూసినవి మాత్రమే. ఆస్ట్రేలియాలో చేసిన, 2015లో అచ్చయిన ఒక అధ్యయనంలో 26 మంది వైద్య విద్యార్థుల్ని వీడియో తీసి చూస్తే, సగటున గంటకి 23 సార్లు ముఖం ముట్టుకున్నారట. చేతి శుభ్రత గురించి చదువుకుంటున్న వాళ్లే అలా ఉంటే, ఆ గీతలకి నేను అంత సిగ్గుపడక్కర్లేదని ఇప్పుడు అనిపిస్తుంది. కానీ ఆ సిగ్గు వల్లే అలవాటు మారింది. చేతులు ఖాళీగా ఉంచకుండా పెన్సిలో, పుస్తకమో, చిక్కుడుతీగలా అల్లుకునే ఏదో ఒక దారప్పోగో పట్టుకోవడం నేర్చుకున్నాను.

గిల్లడం గురించి మాత్రం ఆవిడ గట్టిగానే చెప్పింది. న్యూస్ పేపర్ అంచు మీద పెన్నుతో ఒక సీసా బొమ్మ గీసింది. అది చర్మరంధ్రం. మూతి దగ్గర జిడ్డూ, చచ్చిన కణాలూ కలిసి బిరడాలా పడతాయి. లోపల నూనె పేరుకుంటుంది, ఎప్పుడూ చర్మం మీద ఉండే సూక్ష్మజీవులే అక్కడ పెరిగి వాపు తెస్తాయి. "నువ్వు రెండు వేళ్లతో నొక్కితే బయటికి వచ్చేది సగమే. మిగతా సగం ఇలా పోతుంది" అంటూ సీసా పక్కగోడ పగిలినట్టు గీసి, లోపలి వైపు బాణం గుర్తు పెట్టింది. ఆ బాణం నా కళ్లలో ఇప్పటికీ ఉంది. వాపు లోతుకి దిగేది, గుంట పడేది, నల్లమచ్చ మిగిలేది అలాగే. రంగు ఎక్కువున్న చర్మానికి ఆ నల్లమచ్చలు మరీ సులభంగా పడతాయి, మొటిమ పోయినా మచ్చ నెలలు ఉంటుంది. ఇంకో మాట కూడా చెప్పింది, అది విని నాకు ఏడుపొచ్చినంత పనయింది. బ్లాక్‌హెడ్స్ నల్లగా ఉండేది మురికి వల్ల కాదట. రంధ్రంలోని పదార్థంలో ఉండే మెలనిన్ అనే రంగు పదార్థం, గాలి తగిలి నల్లబడుతుందట. నేను మురికిగా ఉన్నానని అందరూ అనుకుంటున్నారనే బాధ ఏడాది పాటు మోశాను. ఒక్క వాక్యంతో దించేసింది.

బాబాయి సంగతి చెప్పాలి. ఆయన ఉద్యోగమంతా కారు నడపడమే, పొద్దున వెళ్తే చీకటి పడ్డాకే రావడం. ఒక ఆదివారం పిన్ని ఆయన రెండు చేతుల్నీ బల్ల మీద పక్కపక్కన పెట్టించి, చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచింది. కిటికీ వైపుండే చెయ్యి ముదురుగా, ముడతలుగా, చిన్న చిన్న మచ్చలతో ఉంది. రెండో చెయ్యి ఆయనకంటే పదేళ్లు చిన్నవాడిదిలా ఉంది. "వయసు వల్ల వచ్చిందంటే రెండు చేతులకీ రావాలి కదా" అంది పిన్ని. కారు అద్దం మూసుకుని కూర్చున్నా ఎండ వదలదని ఆవిడకి తెలుసు. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో యూవీబీ అనే రకాన్ని కారు కిటికీ అద్దం చాలావరకు ఆపుతుంది, యూవీఏ అనే రకం మాత్రం దాంట్లోంచి దూసుకొస్తుంది. 2012లో ఒక వైద్య పత్రికలో అచ్చయిన ఫోటో చూసినప్పుడు నాకు ఆ బల్ల మీది చేతులే గుర్తొచ్చాయి. 28 ఏళ్లు ట్రక్కు నడిపిన 69 ఏళ్ల మనిషి. కిటికీ వైపున్న సగం ముఖం వేలాడిపోయి, లోతైన ముడతలు. రెండో సగం చాలా నున్నగా. ఒకే మనిషి, ఒకే వయసు. ప్రింటు తీసి పిన్నికి చూపిస్తే చాలాసేపు చూసి, "మీ బాబాయికి చూపించకు, బెంగపెట్టుకుంటారు" అంది.

ఎండకి ఆవిడ నేర్పిన లెక్క చాలా తేలిక. నిలబడి నీ నీడ చూసుకో. నీడ నీకంటే పొట్టిగా ఉంటే ఎండ నెత్తి మీదుంది, పక్కకి వెళ్లు. పొడుగ్గా ఉంటే కాస్త నయం. ఉరామరిగా పది నుంచి నాలుగు మధ్య బయట తిరగకుండా పనులు సర్దుకోవడం, తప్పకపోతే పొడుగు చేతుల చొక్కా, అంచున్న టోపీ, గొడుగు. ఇంట్లో ఉన్నవి చాలు. ఇప్పుడు నేను సన్‌స్క్రీన్ వాడతాను, వాడమనే చెబుతాను. అది కొనలేని రోజుల్లో కూడా నీడ ఉచితమే. నా చెంప మీది మచ్చ తగ్గడానికి అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది ఈ నీడ లెక్కేనని నా నమ్మకం. ఎండ తగిలినకొద్దీ అలాంటి మచ్చలు ఇంకా ముదురుతాయి.

దిండు గలీబు వారానికోసారైనా మార్చేది, నా ముఖం బాలేదని నాది ఇంకా ముందే మార్చేది. పడుకునే ముందు లైటు తీసేస్తూ "నిద్ర పో, చర్మం పని చేసుకునే టైమిది" అనేది. నీళ్లు బాగా తాగితే ముఖం మెరుస్తుందని ఎవరో అన్నారని చెబితే, దాహమేసినప్పుడల్లా తాగు, మొటిమలు తగ్గుతాయని బిందెలు తాగకు అంది.

ఇదంతా విన్నాక పదిరోజుల్లో ముఖం మారిపోతుందని ఎదురుచూశాను. మారలేదు. మొదటి వారంలో మంట పోయింది, లాగడం పోయింది, అంతే. కొత్త మొటిమలు రెండొచ్చాయి. టెన్షన్ పడి అద్దం ముందే నిలబడుతుంటే పిన్ని చెప్పింది, చర్మం పైపొర అంతా కొత్తగా రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. ఈ రోజు చేసిన మంచి పని ఫలితం వచ్చే నెల ముఖంలో చూస్తావు. దగ్గర పెట్టుకుని అద్దం చూడొద్దు, చేతికందే దూరంలో నిలబడి చూడు, నిన్ను చూసేవాళ్లు అక్కడి నుంచే చూస్తారు అంది. ఈ మాట నాకు తర్వాత ముఖానికే కాదు, చాలా వాటికి పనికొచ్చింది.

సెలవులయ్యేసరికి ఎరుపు బాగా తగ్గింది. మొటిమలు పూర్తిగా పోలేదు, పోయాయని చెబితే అబద్ధం. బయల్దేరే ముందు పిన్ని ఒక షరతు పెట్టింది. మొటిమలు గడ్డల్లా లోతుగా వచ్చి నొప్పి పెట్టినా, గుంటలు పడుతున్నా, మూడు నెలలకీ తగ్గకపోయినా చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లాలి. "కడుక్కోవడం అలవాటు, అది మందు కాదు. మందు కావాల్సినప్పుడు సిగ్గుపడకు." రెండేళ్ల తర్వాత నిజంగానే వెళ్లాల్సి వచ్చింది. ఆ డాక్టరు గారు రాసిచ్చిన క్రీము ముందు మోచేతి మడత లోపల వారం పైన రాసి చూసుకున్నాను, అది కూడా పిన్ని పెట్టిన అలవాటే.

నెలకోసారి జరిగే ఒక సంగతి కూడా నాకు బాగా గుర్తు. బాబాయిని కిటికీ వైపు వీపు పెట్టి కూర్చోబెట్టి, చర్మ క్యాన్సర్ గుర్తులేమైనా ఉన్నాయేమోనని పిన్ని ఆయన పుట్టుమచ్చలు చూసేది. రెండు సగాలూ ఒకలా ఉన్నాయా, అంచు చెదిరిందా, రంగులు కలిశాయా, 6 మిల్లీమీటర్లు దాటిందా, పోయిన నెలకీ ఇప్పటికీ మారిందా. మెడ వెనక, చెవుల వెనక, చివరికి అరికాళ్లు, కాలిగోళ్ల కింద. ఆయన పేపరు చదువుకుంటూ కూర్చునేవారు, ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని వేలితో ఒక్కొక్కటీ తాకుతూ పోయేది. ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు కాదు. నేను వాళ్లిద్దరినీ చూసి గది బయటే ఆగిపోయేవాణ్ణి.

బాబాయి లేరిప్పుడు. పిన్నికి చూపు తగ్గింది, చేతులు వణుకుతాయి. పోయిన నెల వెళ్లినప్పుడు పొద్దున్నే ఆవిడ ముఖం నేనే కడిగాను. చర్మం ఎంత పల్చబడిపోయిందంటే కణతల దగ్గర నరాలు నీలంగా కనిపిస్తున్నాయి. ముందు నా చేతులు కడుక్కున్నాను. నీళ్లు మణికట్టు మీద పోసుకుని చూశాను. వేళ్ల కొసలతో నుదురు, ముక్కు పక్కలు, గడ్డం కింద. ఆవిడ కళ్లు మూసుకుని గడ్డం పైకెత్తి పెట్టింది, చిన్నపిల్లలా. రెండో దోసిలి పోయబోతుంటే కళ్లు తెరవకుండానే అంది.

"కొంచెం వేడిగా ఉన్నాయి, కన్నా."

ఇంకో చెంబు చన్నీళ్లు కలిపాను.